19,600 రూపాయల తప్పు, ఒక రాత్రి చేసిన తప్పు: వంశధార ఒడ్డున ఒక పొదుపు సంఘం కేస్ స్టడీ

పొదుపు సంఘంలో డబ్బు తేలకపోతే ఊరంతా అడిగే మొదటి ప్రశ్న "ఎవరు తిన్నారు?" అనే. దాన్ని రెండో స్థానానికి నెట్టగలిగితే కేసు సగం తెగినట్టే. ముందు అడగాల్సింది వేరు: ఏ నెలలో, ఏ పద్దులో, ఎంత తేడా? మనిషి పేరుతో మొదలుపెడితే ఆ తర్వాత దొరికే ప్రతి కాగితమూ ఆ పేరుకు సాక్ష్యంగానే కనిపిస్తుంది.

ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం నుంచి గజపతి జిల్లా కాశీనగరం దాకా వంశధార వెంబడి తెలుగు మాట్లాడే పల్లెలు చాలా ఉన్నాయి. ఈ కేసు అక్కడిదే. ఒకే తీరున నడిచిన కొన్ని కేసులను కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి, అంకెలు సులువుగా అర్థమయ్యేలా సర్ది రాసినది. జరిగిన తీరును మాత్రం మార్చలేదు.

సంఘంలో 12 మంది. నెలకు తలా 1,000 రూపాయలు తెస్తారు: పొదుపు 200, బ్యాంకు అప్పు కంతు 800. అంటే ప్రతి నెలా ఐదో తేదీన మీటింగులో చాప మీదకు వచ్చేది 12,000. బ్యాంకు అప్పు 3 లక్షలు, 7 శాతం వడ్డీ, 36 కంతులు. బ్యాంకుకు కట్టాల్సింది నెలకు సుమారు 9,260. వసూలయ్యేది 9,600 కాబట్టి మిగిలే మూడొందల చిల్లర సంఘం ఖర్చులకు. ఆ డబ్బు సంచిలో మోసుకెళ్లి బ్యాంకులో వేసేది కోశాధికారి. బ్యాంకు ఊరికి తొమ్మిది కిలోమీటర్లు, ఆటోకు రానూపోనూ 60 రూపాయలు. మినిట్స్ పుస్తకం ఒడియాలో ఉంటుంది, రాసేది బుక్ కీపర్ అమ్మాయి. సభ్యుల్లో ఒడియా చదవగలిగినవాళ్లు ఇద్దరు, తెలుగు చదివేవాళ్లు ముగ్గురు, మిగతావాళ్లది వేలిముద్ర. ఖాతాకు వచ్చే ఎస్సెమ్మెస్‌లు కోశాధికారి కొడుకు ఫోనుకు వెళతాయి. ఖాతా తెరిచిన రోజున ఫోను చేతిలో ఉన్నది ఆ అబ్బాయికే. అందులో దురుద్దేశం ఏమీ లేదు.

మూడు కంతులు కట్టలేదని బ్యాంకు నుంచి అధ్యక్షురాలికి కబురు రావడంతో విషయం బయటపడింది. కట్టని మొదటి కంతుకు గడువు దాటి అప్పటికే ఎనభై రోజులు. 90 దాటితే ఆ ఖాతా మొండి బకాయి పద్దులోకి పోతుంది. సకాలంలో కట్టినవాళ్లకు వచ్చే వడ్డీ రాయితీ పోతుంది, వచ్చే అప్పూ ఆగిపోతుంది. ఇలాంటి చోట విచారణ కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. జీపీఎల్‌ఎఫ్ (పంచాయతీ స్థాయిలో పొదుపు సంఘాల సమాఖ్య) నుంచి చేబదులు తెచ్చో, సభ్యులు తలా కొంత వేసుకునో, కనీసం ఒక కంతు ఆ వారంలోనే కట్టించాలి. దొంగను పట్టే ఆవేశంలో ఈ పని మరిచిపోయిన సంఘాలు ఎవరి తప్పూ లేని మరో నష్టాన్ని నెత్తికెత్తుకుంటాయి.

లెక్క తేల్చిన పద్ధతి

అందరినీ కూర్చోబెట్టి మీటింగు పెట్టకూడదు. ముందు ఇద్దరు సంతకందారులతో దరఖాస్తు రాయించి బ్యాంకు నుంచి 14 నెలల స్టేట్‌మెంట్ తీసుకోవాలి. పాస్‌బుక్ సరిపోదు, ఎందుకంటే చాలా నెలలు అది ప్రింటే అయి ఉండదు. "సర్వర్ డౌన్ అన్నారు" అనేది ఈ ప్రాంతంలో ఎవరూ అనుమానించని మాట. చాలాసార్లు అది నిజం కూడా. తర్వాత 12 మంది వ్యక్తిగత పాస్‌బుక్‌లు ఒకే రోజు, ఒకే పూటలో సేకరించి ఫోటోలు తీసుకోవాలి. రెండు రోజులు పట్టనిస్తే రెండో రోజు వచ్చే పుస్తకాల్లో కొత్త సిరా కనిపిస్తుంది.

ఆపైన పెద్ద కాగితం మీద నెలకో వరుస, మూడు గడులు: సభ్యుల పుస్తకాల మొత్తం, సంఘం రిజిస్టరు మొత్తం, బ్యాంకులో పడినది. మొదటి రెండు గడులు ఎప్పుడూ సరిపోతాయి, ఎందుకంటే అవి ఒకే చాప మీద, ఒకే చేత్తో రాసినవి. కథ ఉండేది మూడో గడిలో. ఈ సంఘంలో పొదుపు 14 నెలల్లో 33,600 పడాలి, పడింది 16,800. కంతులు మొదటి 11 నెలలవి పడ్డాయి, చివరి మూడు లేవు. ఆ మూడు నెలల వసూలు 28,800. మొత్తం తేడా 45,600.

ఆ మూడో గడిని కిందికి చదువుకుంటూ వస్తే మనిషి నడక కనిపిస్తుంది. మొదటి రెండు నెలలు సరిగ్గా ఐదో తేదీకి మర్నాడే జమ. మూడో నెల జమ ఇరవై మూడున, 3,000 తక్కువగా పడింది. ఆ 3,000 నెలాఖరుకు విడిగా వచ్చింది. అంటే తీసుకున్నది తిరిగి వేసేసింది. ఐదో నెల పొదుపు రాలేదు. ఆరో నెల డబ్బుతో ఐదో నెల గొయ్యి పూడ్చింది, ఆరోది తెరుచుకుంది. కంతు మాత్రం ఏ నెలా తప్పలేదు, పదకొండో నెల దాకా. కంతు కట్టకపోతే బ్యాంకువాళ్లు ఫోన్ చేస్తారు, పొదుపు వేయకపోతే అడిగే దిక్కు లేదు. అడిగేవాళ్లున్న డబ్బు భద్రంగా ఉంది, అడిగేవాళ్లు లేని డబ్బు కరిగింది. రెండూ ఒకే మనిషి ఒకే సంచిలో మోసిన నోట్లే.

తర్వాత ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్కరితో విడిగా, అందరినీ అవే ప్రశ్నలు అడగాలి. ప్రశ్న వేసే తీరు ముఖ్యం. "మీరేమైనా ఎగ్గొట్టారా?" అంటే లేదనే అంటారు. "చేతిలో డబ్బు లేని నెల ఏం చేశారు?" అంటే చెబుతారు. అలా అడిగితే తేలినది ఇది. నలుగురు సభ్యులు ఏదో ఒక నెల తక్కువ తెచ్చారు. వాళ్ల పుస్తకాల్లో పూర్తిగా జమ రాసి, "తర్వాత ఇవ్వు వదినా" అని కోశాధికారి పంపేసింది. అలా కాగితం మీద వచ్చి చేతికి రానిది 6,400. ఇద్దరు సభ్యులు మినిట్స్‌లో రాయించకుండా అప్పు తీసుకున్నారు, ఒకరు 12,000, ఒకరు 5,500. ఇంట్లో మగవాళ్లకు తెలియకూడదని బతిమాలారు, ఆమె ఇచ్చింది. పెట్టెలో నగదు 2,100 ఉంది. ఇవన్నీ తీసేస్తే కోశాధికారి సొంతానికి వాడుకున్నది 19,600: పిల్లను బరంపురం ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు 8,000, పైకప్పు రేకులకు 6,600, చిల్లరమల్లరగా 5,000. ఆమె భర్త చెన్నైలో కట్టుబడి పనికి వెళ్లాడు, కొన్ని నెలలు డబ్బు పంపలేదు.

ఊళ్లో చెప్పుకున్న అంకె లక్షన్నర.

కోశాధికారితో మాట్లాడటం స్టేట్‌మెంట్ చేతికి వచ్చాక, సభ్యులందరితో మాట్లాడటం పూర్తికాక ముందు జరగాలి. ఆమె నమ్మే మనిషి ఒకరు పక్కన ఉండాలి. చీకటి పడ్డాక వద్దు. పరువు పోతుందన్న భయంలో ఉన్న మనిషి ప్రాణానికి ముప్పు ఉంటుంది. ఇది మాటవరసకు రాసే జాగ్రత్త కాదు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా పెట్టించాలి. ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదలకుండా ఒకరిని పడుకోబెట్టాలి.

మంచితనంతో మొదలైన తప్పు

అమెరికా నేరశాస్త్రవేత్త డొనాల్డ్ క్రెస్సీ నమ్మి అప్పగించిన సొమ్ము వాడుకుని జైలుకెళ్లినవాళ్లతో మాట్లాడి, 1953లో మూడు సంగతులు చెప్పాడు. ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బంది, కనిపెట్టరన్న వీలు, తనను తాను మంచివాడిగానే చూసుకోనిచ్చే ఒక సాకు. మూడూ కలిస్తేనే నమ్మకం చెడుతుందన్నాడు. ఈ కేసుకు అది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, ఒక్క తేడాతో. ఇక్కడ సాకు తప్పుకు ముందే తయారై ఉంది. తొలి రెండు నెలల్లో తక్కువ తెచ్చినవాళ్ల లోటును ఆమె సొంత డబ్బుతో సర్దింది. ఆటోకు పెట్టింది, బ్యాంకుకు వెళ్లిన రోజు కూలి పోగొట్టుకుంది, ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు. సంఘం డబ్బుకూ ఇంటి డబ్బుకూ మధ్య గోడ మొదట కూలింది ఆమె చేతి నుంచి సంఘానికి పోయేటప్పుడు. తర్వాత అదే సందులోంచి డబ్బు ఇటు వచ్చింది. మొదటిదాన్ని అందరూ మంచితనం అన్నారు. రెండోదాన్ని దొంగతనం అన్నారు. అలవాటు మాత్రం ఒక్కటే, పద్దు రాయకుండా సర్దుకోవడం.

మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రయోగాలు చాలామందికి తెలిసినవే. ల్యాబు కోటు వేసుకున్నవాడు చెబుతుంటే, 40 మంది మామూలు మనుషుల్లో 26 మంది అవతలివాడికి 450 వోల్టుల షాక్ ఇస్తున్నామనుకుంటూనే చివరి మీట దాకా నొక్కారు. ఆ షాకులు ఉత్తుత్తివే. "పైవాడు చెబితే చేస్తారు" అన్న పాఠాన్నే ఎక్కువమంది గుర్తుపెట్టుకుంటారు. సంఘాల్లో పనిచేసేవాళ్లకు పనికొచ్చేది యంత్రం ముందరి పలక. మీటలు 30, ఒక్కో మీటకు పెరిగేది 15 వోల్టులే. మొదటి మీట నొక్కినవాడికి రెండోది పెద్ద తప్పుగా తోచదు. ఈ కోశాధికారి తనంతట తానే నడిచింది, ల్యాబు కోటువాడెవరూ లేడు. కానీ మెట్లు అంతే చిన్నవి: ఒక నెల ఆలస్యం, తర్వాత 3,000 తీసి తిరిగి వేయడం, తర్వాత తీసి వేయకపోవడం. ఏ నెలలో దొంగ అయింది అని ఆమెనే అడిగినా చెప్పలేకపోయింది. కాగితం మీద చూసినా ఆ గీత దొరకదు.

ఆ రాత్రి

బ్యాంకు కబురు వచ్చిన రోజు రాత్రే, ఏ లెక్కా చూడకుండా, సభ్యులూ వాళ్ల ఇళ్లవాళ్లూ కలిసి కోశాధికారి ఇంటికి వెళ్లారు. ఆమెనూ పిల్లనూ లోపల ఉంచి బయట గొళ్లెం పెట్టారు. మూడు గంటల తర్వాత తీశారు. గ్యాస్ సిలిండరు, రెండు మేకలు పట్టుకుపోయారు, చెవి కమ్మలు తీయించుకున్నారు. వాటి విలువ 19,600 కన్నా ఎక్కువే. సిలిండరు ఎత్తేముందు ఒకామె రెగ్యులేటరు జాగ్రత్తగా విప్పి, పాడవకుండా గుడ్డ చుట్టి గూట్లో పెట్టింది. మేకలు తోలుకుపోయినామె పిల్ల ఆకలితో ఉందని ఇంటి నుంచి అన్నం, పప్పుచారు తెచ్చి తినిపించింది. అందరికన్నా గట్టిగా తిట్టింది, "పిల్లల నోటి దగ్గర కూడు తిన్నావు కదే" అన్నది, రాయించకుండా 12,000 తీసుకున్న సభ్యురాలు.

ఇలాంటివి విన్నప్పుడు ఆ పన్నెండు వేల మనిషిని అసలు దుర్మార్గురాలిగా తేల్చేయాలనిపిస్తుంది. అది అదే పొరపాటును మరొకరి మీద వేయడం. విడిగా అడిగినప్పుడు తేలినది ఏమంటే, లెక్క చూస్తే తన పేరు బయటికొస్తుందన్న భయమే ఆమె గొంతు పెంచింది. ఇంట్లో దెబ్బలు తినే మనిషి. గుంపులో ఎవరు ఎక్కువ అరుస్తున్నారో గమనించి పెట్టుకోవాలి. కోపం కన్నా భయం ఎక్కువ అరుస్తుంది, ఆ భయం వెనక తరచూ ఒక పద్దు ఉంటుంది.

ఆ రాత్రి ఎదురు మాట్లాడింది ఒకే ఒక్క పెద్దావిడ. "లెక్క సూడకుండా సొమ్ము ముట్టకండర్రా" అంది. "నీకేటి తెలుసు, ఊరుకో" అన్నారు. ఆవిడ ఇంటికి వెళ్లిపోయింది. తర్వాత విడివిడిగా మాట్లాడినప్పుడు మరో ముగ్గురు, ఒకరికొకరికి తెలియకుండా, దాదాపు ఒకే మాట చెప్పారు: తప్పనిపించింది, కానీ నేనొక్కదాన్నే అనుకున్నాను. పెద్దావిడ వెళ్లిపోయాక ఆ అనుమానమూ బలపడింది. మనస్తత్వవేత్త సోలమన్ ఆష్ 1950ల్లో చేసిన, గీతల పొడవు పోల్చే ప్రయోగంలో చుట్టూ ఉన్నవాళ్లంతా తప్పు చెబుతుంటే మనుషులు దాదాపు మూడింట ఒక వంతు సార్లు కళ్లెదుట ఉన్నదాన్ని కాదని వాళ్లతో గొంతు కలిపారు. పక్కన సరైన మాట చెప్పే ఒక్క మనిషి ఉంటే ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఆ నలుగురిలో రెండో మనిషి నోరు విప్పి ఉంటే గొళ్లెం పడేది కాదని ఖాయంగా చెప్పలేం. మేకలు మాత్రం గుమ్మం దాటేవి కావనిపిస్తుంది.

పెద్దావిడ మిగతావాళ్లకన్నా దయ గలది కాదు, కోడలితో ఆవిడ తగువు వీధికంతా తెలుసు. ఏళ్ల తరబడి సంతలో ఎండుచేపలు అమ్మిన మనిషి. లెక్క చూడకుండా డబ్బు తీసుకోవడం, ఇవ్వడం ఆవిడ చేతికి అలవాటు లేదు. ఆ రాత్రి ఆవిడను నిలబెట్టింది చాలా మటుకు ఆ అలవాటే. ఈ రంగంలో ఉన్నవాళ్లు కోశాధికారిని ఎంచుకునేటప్పుడు "మంచి మనిషి" అని చూసి ఎంచుతారు. అంతకన్నా నోట్లు రెండుసార్లు లెక్కపెట్టే మనిషిని ఎంచడం మేలు, ఊళ్లో ఆవిడను పిసినారి అన్నా సరే.

చట్టం చూసినా ఇది ఒకవైపు కేసు కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నమ్మి అప్పగించిన సొమ్ము వాడుకోవడం సెక్షన్ 316 కిందికి వస్తుంది. మనిషిని గదిలో పెట్టి గొళ్లెం వేయడం 127 కిందికి వస్తుంది. ఈ రెండో మాట సంఘానికి మెల్లగా, బెదిరింపులా కాకుండా, కానీ తప్పకుండా చెప్పాలి. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల గొడవ ముదిరి అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చినప్పుడు బయటపడిన సంగతీ ఇలాంటిదే. ఒకరు కట్టకపోతే పక్కవాళ్ల మీద పడుతుందన్న ఏర్పాటు, పక్కింటివాళ్లనే వసూలు మనుషులుగా మార్చింది. పూచీకత్తు లేకుండా అప్పు పుట్టించేదీ, అర్ధరాత్రి తలుపు కొట్టించేదీ ఆ ఉమ్మడి బాధ్యతే.

సర్దుబాటు

ముందు కమ్మలు, సిలిండరు, మేకలు తిరిగి ఇప్పించాకే లెక్కల మీటింగు. ఈ క్రమం మారితే మీటింగు బేరంగా మారుతుంది. 45,600లో పెట్టెలోని 2,100 అదే రోజు బ్యాంకుకు. 12,000, 5,500 అప్పులను తీసుకున్న తేదీ నుంచి వడ్డీతో సంఘం అప్పులుగా తీర్మానం రాయించాలి. మినిట్స్‌లో అప్పు నంబరు, మొత్తం, కంతులు చాలు, ఎందుకు తీసుకున్నారో అవసరం లేదు. 6,400 ఆ నలుగురి పుస్తకాల్లో బాకీగా ఎక్కించాలి. కోశాధికారి వాడుకున్న 19,600 నుంచి 14 నెలల్లో 22 సార్లు బ్యాంకుకు వెళ్లిన ఆటో ఖర్చు 1,320 తీసేశారు. మిగిలింది 18,280: నెలకు 1,000 చొప్పున 18 నెలలు, చివర్లో 280. దీనికి కొందరు ఒప్పుకోలేదు. దొంగకు ఆటో ఖర్చేమిటన్నారు. ఆ 1,320 తీసేయించడం అవసరం. అది ఆమె మీద జాలితో కాదు. సంఘం కూడా ఆమెకు బాకీ పడి ఉందన్నది కాగితం మీద కనిపించాలి.

ఇకముందు కోసం పెట్టిన ఏర్పాట్లలో నిలిచేవి కొన్నే. ప్రతి మీటింగులో వేరే సభ్యురాలు నోట్లు అందరికీ వినిపించేలా లెక్కపెట్టాలి, వచ్చిన మొత్తం ఒడియాలో రాసి తెలుగులో చదివి వినిపించాలి. ఖాతాకు రెండు ఫోన్లు కుదరకపోతే ఉన్న ఒక్క నంబరూ డబ్బు ముట్టుకోని మనిషిది అయి ఉండాలి. బ్యాంకుకు ఇద్దరు, ఆటో ఖర్చు సంఘానిది. ఇది వరి ఊడుపుల కాలంలో కచ్చితంగా తప్పుతుంది. జూలై, ఆగస్టుల్లో కూలి వదులుకుని రెండో మనిషి రాదు. ఆ రెండు నెలలు జీపీఎల్‌ఎఫ్ మనిషి స్లిప్పు చూస్తే చాలని ముందే రాసుకోవాలి. లేకపోతే ఒకసారి తప్పిన నియమం మళ్లీ నిలబడదు. అన్నిటికన్నా పని చేసింది 2,000 రూపాయల అత్యవసర పద్దు: 1,000 దాకా కారణం అడగరు, కానీ ఆ రోజే రాస్తారు. చెప్పుకోలేని ఇబ్బందిని చెప్పక్కర్లేకుండానే గడవనిస్తుంది. అది ఖాళీ అయిన నెల ఏదో ఇంట్లో కష్టముందని కూడా తెలిసిపోతుంది. రెండేళ్లకోసారి పదవులు మార్చాలన్న నియమం మాత్రం కాగితం మీదే బాగుంటుంది. పేరు మారుతుంది, సంచి పాత చేతిలోనే ఉంటుంది.

అన్ని కేసులూ ఈ దారిలో నడపకూడదు. మూడు గడుల కాగితంలో తేడా మెల్లగా పెరిగితే, మధ్యలో తిరిగి వేసిన జమలు కనిపిస్తే, అది జారుడు. సభ్యులకు తెలియకుండా వాళ్ల వేలిముద్రతో తీర్మానాలు పుట్టినా, చనిపోయినవాళ్ల పేరున లేదా ఊళ్లో లేనివాళ్ల పేరున అప్పు మంజూరైనా, మినిట్స్ పుస్తకంలో పేజీలు చిరిగి ఉన్నా, మొదటి జమ నుంచే మొత్తాలు గుండ్రంగా తగ్గుతూ వచ్చినా, అది ముందే వేసుకున్న పథకం. దాని వెనక తరచూ సంఘం బయటి మనిషి ఒకరు ఉంటారు. అలాంటి చోట ఇంటింటి మాటలూ కంతుల సర్దుబాటూ ఆ మనిషికి సమయం ఇవ్వడానికే పనికొస్తాయి. స్టేట్‌మెంట్, పుస్తకాల ఫోటోలు తీసుకున్న రోజే బ్లాకు ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకుని, అక్కడి నుంచి పోలీసు స్టేషనుకు వెళ్లాలి.